నూట ఎనభై ఏడు

కాశీబుగ్గలో కరెంటు పోయిన రాత్రి
ఫోను వెలుతుర్లో
నా తాబేలు కాళ్ళలోంచి ఇరవైతొమ్మిది పాయింట్లు తోడేస్తున్నాను.

పుట్టుకతో వచ్చింది పోగా
పైన రెండొందల పాయింట్లు ఇస్తారు. అంతే.
కోటబొమ్మాళి వాడికైనా కొరియా వాడికైనా అంతే.
దెబ్బకెంత, డిప్పకెంత,
ఊపిరికెంత, ఉరుకుకెంత,
ఒకచోట పొయ్యాలంటే ఒకచోట తవ్వాలి.

పగలంతా ఫ్యాక్టరీలో పప్పు ఏరతాను.
నూట ఎనభై, రెండొందల పది, రెండొందల నలభై, మూడొందల ఇరవై:
పౌనుకి ఎన్ని గుళ్ళు తూగితే అదే దాని పేరు.
అంకె చిన్నదైతే గుండు పెద్దది.
కొత్తగా చేరినవాళ్ళకి ఇదో తిరకాసు,
నాకు వేళ్ళే చెప్పేస్తాయి.
ఒలుపులో ఉన్న ఆరేళ్ళూ జీడి తినేసిన వేళ్ళు.
ముద్ర పెడితే ఫోను నన్ను గుర్తుపట్టదు,
నాలుగంకెలు కొట్టి లోపలికెళ్తాను.

మొదట్లో అందరిలాగే
ఉన్నదంతా దెబ్బకే పోశాను.
ముందు వంతు నాదైతే చితక్కొట్టేదాన్ని,
కాకపోతే కాల్చిన గింజలా పగిలేదాన్ని.
తర్వాత వేగం పిచ్చి పట్టింది. నూట అరవై!
తెలియడానికి మూడు నెలలు పట్టింది,
ఎదుటివాడికన్నా ఒక్కటి ఎక్కువుంటే చాలని.
వాడు నూట ముప్పై, నేను నూట ముప్పయ్యొకటి.
ఆపైనున్నదంతా
పదింటి బస్సుకి ఆరింటికే వచ్చి కూర్చున్న పెళ్ళివారు.

ప్రాణం లెక్క ఇంకా సన్నం.
వాడి నిప్పుకోడి తన్నితే నూట ఎనభై ఆరు పోతుంది.
వాణ్ణి పడగొట్టడానికి నాకు రెండు దెబ్బలు కావాలి:
ఒకటి ముందుగా,
ఒకటి ఆ తన్ను తిని బతికి.
పదకొండు రాత్రులు తూకం చీటీల వెనక కూడికలూ తీసివేతలూ.
చివరికి తాబేలు ప్రాణం నూట ఎనభై ఏడు.
ఒక్కటి మిగులుతుంది.
ఆ ఒక్కటి చాలు, మెడ బయటపెట్టడానికి.

బల్లకి అటుపక్క లోలాక్షొదిన నవ్వింది.
"నిద్ర నేదు, తిండి నేదు. ఆ తాబేలుకి కూలెంతిస్తారేటే?"
నేను బద్దలు ఒక డబ్బాలో, ముక్కలు ఒక డబ్బాలో వేస్తూ
వినబడనట్టున్నాను.

ఆదివారం ఆట.
ముందు నా వంతే వచ్చింది, లెక్క ప్రకారం.
కొట్టాను, సగానికి దిగాడు, లెక్క ప్రకారం.
నిప్పుకోడి కాలు లేపింది.

ఇరవైనాలుగు తన్నుల్లో ఒకటి ఒకటిన్నర అవుతుంది.
ఆటలో రాసే ఉంది, నేను చదివే ఉన్నాను.
రెండొందల డెబ్భైతొమ్మిది.
తాబేలు వెల్లకిలా పడి
నాలుగు కాళ్ళూ కాసేపు ఆడించింది.
అంత బాగా బొమ్మ గీసినవాణ్ణి తిట్టుకున్నాను.

తిత్లీ వచ్చిన రాత్రికి ముందు
నాన్న దగ్గరా లెక్క ఉండేది.
చెట్టుకింత, బస్తాకింత, బాకీకింత.
తెల్లారేసరికి నూట పది జీడిచెట్లలో
నాలుగు నిలబడి ఉన్నాయి.
అవేం వేరు లోతున్నవి కావు, గట్టువారవీ కావు.
అవే ఎందుకు మిగిలాయో
నాన్న ఇప్పటికీ పడుకునే ముందు పైకే అనుకుంటాడు.

రాత్రి మళ్ళీ తెరిచాను.
ఒకటిన్నర దెబ్బకి సరిపడా ప్రాణం పెట్టొచ్చు.
కానీ అప్పుడు కొట్టడానికేమీ మిగలదు,
ఎవరికీ ఓడకుండా, ఎవర్నీ గెలవకుండా
డిప్పలో కూర్చోవాలి.
వేలు చాలాసేపు ఆ గీత మీదే ఉంది.

నూట ఎనభై ఏడు. అలాగే ఉంచేశాను.

పొద్దున్న బల్ల దగ్గర
రెండొందల పదికీ రెండొందల నలభైకీ మధ్య ఎటూ కాని గుండొకటి
చేతిలో తిప్పుతూ అన్నాను:
తాబేలుకి కూలివ్వరొదినా,
వంతిస్తారు.